మూత తిప్పేముందు

మొన్న శుక్రవారం మూడో పీరియడ్ చెబుతుండగా నా ఫోన్ రెండుసార్లు మోగింది. క్లాసులో ఉంటే నేను ఫోన్ ఎత్తను. ఇంటర్వెల్‌కి స్టాఫ్ రూముకి వచ్చి చూస్తే మా వీధి వాట్సాప్ గ్రూపులో పక్కింటి బాబాయి గారి ఫొటో, కింద "ప్రభువునందు నిద్రించారు" అన్న మాట. ఫొటోలో ఆయన కోటు వేసుకుని ఉన్నారు. ఆయన్ని కోటులో నేనెప్పుడూ చూడలేదు కాబట్టి ఒక్క క్షణం ఎవరో అనుకున్నాను. పొద్దున టీ తాగి, పేపరు చదువుతూ కుర్చీలోనే పోయారట. డెబ్బై దాటాయి, మంచాన పడకుండా పోయాడు, అదృష్టవంతుడు అని ఆ రోజంతా కనీసం పదిమంది నాతో అన్నారు. నిజమే కావచ్చు. నాకు మాత్రం ఆ మాట విన్నప్పుడల్లా ఒళ్లు మండింది.

ఆయన మాకు చుట్టం కాదు. పర్చూరులో మా ప్రహరీ గోడకు అవతలి ఇల్లు వాళ్లది. కుర్రతనంలో ఒక పొగాకు కంపెనీ జీపు నడిపారు. ఆ తర్వాత ఒంగోలులో ఒక గ్రానైట్ ఆఫీసు కారు. మొత్తం ముప్పై అయిదేళ్లు స్టీరింగ్ పట్టుకున్న మనిషి. రిటైరయ్యాక చర్చిలో సంఘపెద్దగా ఉండేవారు. వీధిలో ఎవరి బండి మొరాయించినా ముందు ఆయన గేటే తట్టేవాళ్లం. మెకానిక్ తర్వాత.

ఆయన కుడిచేతి మీద మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం ముడతలు లేకుండా మెరుస్తూ ఉండేది. పాత కాలిన మచ్చ. పిన్ని గారికి, అంటే ఆయన భార్యకి, ఎడమ చెంప మీద నుంచి మెడ దాకా అలాంటిదే ఇంకా పెద్దది. కిరసనాయిలు స్టవ్వు పేలి ఇద్దరూ కాలారని వీధిలో చెప్పుకునేవారు. మేం ఆ ఇంటి పక్కకు వచ్చిన కొత్తలోనే నాకు ఎవరో ఆ ముక్క చెప్పారు, నేనూ నమ్మాను. అలాంటివి అడిగి తెలుసుకోం కదా.

ఐదేళ్ల క్రితం నన్ను బస్సు పోని ఊరికి బదిలీ చేశారు. నేను లెక్కల టీచర్ని. మా ఆయనకి స్కూటర్ తప్ప ఇంకోటి రాదు. రోజూ ఆటో మాట్లాడుకుంటే జీతం ఆటోకే సరిపోయేలా ఉందని ఒక పాత కారు కొన్నాం. నేర్పమని బాబాయి గారిని అడిగితే మర్నాడు ఆరింటికల్లా వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. నేను హుషారుగా వెళ్లి డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. దిగమన్నారు. మొదటి రోజంతా స్టీరింగ్ ముట్టుకోనివ్వలేదు. బానెట్ ఎత్తి, "దీన్ని నడపడం కోతికైనా వస్తది టీచరమ్మా. ముందు దీని ఒంట్లో ఏముందో చూడు" అన్నారు.

బ్యాటరీ పక్కన తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఒకటి చూపించారు. దాని మీద రెండు గీతలు, కింద ఒకటి, పైన ఒకటి. ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం ఆ రెంటి మధ్యా ఉండాలి. పొద్దున్నే, బండి తియ్యకముందు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మా వైపు అందరూ దాన్ని నీళ్లనే అంటారు. రేడియేటర్‌లో నీళ్లు పోశావా, నీళ్లు చూశావా అంటారు. బాబాయి గారి దగ్గర మాత్రం నీళ్లంటే ఒప్పుకునేవారు కాదు. కూలెంట్ అనాలి. నాకు అది చాదస్తంగా తోచి, ఏదైతే ఏముంది బాబాయి గారూ, నీళ్లేగా అన్నాను ఒకసారి.

"నీళ్లంటే చెయ్యి బోరు పంపు మీదకి పోద్ది. మన బోరు నీళ్లకి పప్పే ఉడకదు, ఇంజినేం బతుకుద్ది? సున్నం కోసం పిడుగురాళ్ల దాకా పోనక్కర్లా, మన పంపు తిప్పితే వస్తది. అందుకే పేరు మార్చి పిలవమంటున్నా."

పేరు సరిగ్గా పెడితే సగం తప్పులు జరగవని ఆయన నమ్మకం. లెక్కల్లో నేనూ పిల్లలకి అదే చెబుతాను కాబట్టి ఇక వాదించలేదు. తగ్గితే షాపులో కలిపి అమ్మే కూలెంట్, ముందున్న రకమే, పైగీత దాటకుండా పొయ్యాలి. దాటితే ఏమవుతుందని అడిగితే, బియ్యం గిన్నె అంచుదాకా నీళ్లు పోసి పొయ్యి మీద పెడతావా, పొంగడానికి చోటుండొద్దా అని ఎదురు అడిగారు. కింద నాలుగు చుక్కలు ఒలికినా గుడ్డతో తుడిచి, కడిగేదాకా కదిలేవారు కాదు. అది తియ్యగా ఉంటుందట, కుక్కలు నాకి చస్తాయట.

ఇక రేడియేటర్ మూత. వేడి మీద దాన్ని ముట్టుకోకూడదు. బండి ఆపాక ఎంతసేపు ఆగాలి అంటే, "మా పాస్టరు గారి ప్రసంగమంత సేపు" అనేవారు. ఆ పాస్టరు గారు గంటకు తక్కువ చెప్పరు. చల్లారాక కూడా మందపాటి గుడ్డ వేసి, మొహం పక్కకి తిప్పుకుని, పావు వంతు తిప్పి ఆగాలి. బుస్సుమని ఏమైనా వస్తే అది పూర్తిగా ఆగాక మిగతాది తిప్పాలి.

ఇవన్నీ ఏ మెకానిక్కయినా చెబుతాడు. బాబాయి గారికి ఇంకో అలవాటు ఉండేది, దాన్ని నేను మరెక్కడా చూడలేదు. చల్లటి ఇంజిన్ అయినా సరే, మూత మీద చెయ్యి వేసేముందు తలెత్తి చుట్టూ చూసేవారు. ఎవరైనా దగ్గర్లో ఉంటే పేరు పెట్టి మరీ వెనక్కి పంపేవారు. ఒకసారి మా గోడ మీద పిల్లి కూర్చుంటే దాన్ని కూడా అదిలించారు. ఆయన బానెట్ ఎత్తిన చప్పుడు వినిపిస్తే చాలు, పిన్ని గారు చేస్తున్న పని వదిలేసి లోపలికి వెళ్లి తలుపు వేసుకునేవారు. నేను మా ఇంట్లో దాన్ని అనుకరించి అందరినీ నవ్వించేదాన్ని. ఆ నవ్వులకి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

నాకు ఓపిక తక్కువ. ఆయనకీ ఆ సంగతి తెలుసు. ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు అని నేనంటే, ఆ పెద్దలకి కార్లు లేవు కదమ్మా అనేవారు.

మూడేళ్ల కిందట మార్చిలో పదో తరగతి పరీక్షలు. ఆ రోజు లెక్కలు. మా బడి పిల్లలకి సెంటర్ మండల కేంద్రంలో పడింది. నలుగురు ఆడపిల్లల్ని తీసుకెళ్లాల్సిన ఆటో రాలేదు. ఎనిమిదిన్నరకి పిల్లలు నాకు ఫోన్ చేశారు, నేను వెళ్లి నలుగుర్నీ కారెక్కించుకున్నాను. రోడ్డుకి రెండు పక్కలా కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. పిల్లలు వెనక సూత్రాలు వల్లె వేస్తున్నారు. నాలుగు కిలోమీటర్లు ఉందనగా వేడి ముల్లు పైకి లేవడం చూశాను. చూసి కూడా ఆపలేదు. నాలుగే కదా, లాగేద్దాం అనుకున్నాను. ఇంకో కిలోమీటరు కూడా పోలేదు, బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది.

ఆపి, దిగి, బానెట్ ఎత్తాను. టైము తొమ్మిదికి ఐదు నిమిషాలు తక్కువ. తొమ్మిదిన్నర దాటితే పిల్లల్ని లోపలికి రానివ్వరు. చల్లారేదాకా గంట ఆగాలని నాకు తెలుసు. తెలిసే చున్నీ నాలుగు మడతలు పెట్టి మూత మీద వేశాను. ముందు సీట్లో కూర్చున్న అమ్మాయి, నలుగురిలో చురుకైనది, తన నీళ్ల సీసా మూత తీసి పట్టుకుని నా పక్కకి వచ్చి వంగింది. మేడం, పొయ్యనా అంది. ఇంకో పిల్లకి నా ఫోన్ ఇచ్చి బాబాయి గారికి కలిపి స్పీకర్ పెట్టమన్నాను. మూత తియ్యాలా వద్దా అని అడగడానికి కాదు, ఎన్ని నీళ్లు పొయ్యాలో అడగడానికి. ఆయన ఎత్తేసరికి నేను పావు వంతు తిప్పేశాను.

బండి పొగలు కక్కుతోందని, మూత తీస్తున్నానని గబగబా చెప్పాను.

"పక్కన ఎవరున్నారు?" అన్నారాయన.

"పిల్లలు."

"ఎంత దూరంలో?"

అప్పుడు తలతిప్పి చూశాను. ఆ అమ్మాయి చెంప మూతకి జానెడు దూరంలో ఉంది.

"చెయ్యి తీసెయ్. పిల్లల్ని వెనక్కి లాక్కుపో. మాట్లాడమాక, పో."

ఆయన గొంతు నేనెప్పుడూ అలా వినలేదు. ఆ అమ్మాయి జబ్బ పట్టుకుని లాగాను. ఏడెనిమిది అడుగులు వేశామో లేదో, బుస్సుమని పెద్ద చప్పుడైంది. చున్నీ ఎగిరి అద్దం మీద పడింది. మరుగుతున్న నీళ్లు నిలువెత్తు లేచి, మేం నిలబడ్డ చోటంతా తడిసిపోయింది. పిల్లలు అదేదో తమాషా అనుకుని నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది. నేను రోడ్డు పక్క మట్టిలో కూలబడ్డాను.

ఫోన్లో బాబాయి గారు అందరూ బాగున్నారా అని మూడుసార్లు అడిగారు. ఒక్కొక్కరి చేతా పలికించుకున్నారు. ఆ తర్వాత, కారు సంగతి తను చూసుకుంటానని, పిల్లల్ని ఏ బండి వస్తే ఆ బండి ఎక్కించి పంపమని చెప్పారు. వచ్చింది గుంటూరు యార్డుకి ఎండుమిర్చి టిక్కీలు వేసుకెళ్తున్న మినీ లారీ. బస్తాని మా వైపు టిక్కీ అంటారు. డ్రైవరు ముందు కుదరదన్నాడు, హాల్ టిక్కెట్లు చూశాక తలుపు తీశాడు. ఇద్దరు ముందర కూర్చున్నారు, ఇద్దరు టిక్కీల మీద ఎక్కారు. నాకు చోటు లేదు. సెంటర్లో ఉన్న మా తోటి టీచరుకి ఫోన్ చేసి ఎదురెళ్లమన్నాను. తొమ్మిదీ ఇరవైకి ఆవిడ నుంచి ఫోన్ వచ్చింది. "వచ్చారు మేడం, నలుగురూ తుమ్ముతున్నారు. కళ్లు ఎర్రగా ఉంటే ఎందుకేడుస్తున్నారని అడుగుతున్నారు ఇన్విజిలేటరు గారు." నాకు అప్పుడు ఏడుపొచ్చింది.

బాబాయి గారు మోపెడ్ మీద, హ్యాండిల్‌కి కూలెంట్ డబ్బా తగిలించుకుని వచ్చారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. రోజూ చూస్తున్నావా అని మాత్రం అడిగారు. చూస్తున్నాను, ఇవాళ పొద్దున కూడా గీతల మధ్యే ఉంది అన్నాను. అది అబద్ధం కాదు. ఆయన తెల్ల డబ్బా దగ్గరికి వంగి చూసి, నన్నూ చూడమన్నారు. ఇప్పుడు కూడా గీతల మధ్యే ఉంది. ఆయన కారు అంచుకి భుజం ఆనించి రెండుసార్లు గట్టిగా ఊపారు. డబ్బాలో ఏదీ కదల్లేదు.

ఈ కారు మాకంటే ముందు వాడినవాళ్లు ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోశారు. బిందెకీ, బకెట్‌కీ పట్టినట్టే ఆ డబ్బా లోపల కూడా సున్నం పట్టి, ఒక చారగా మిగిలింది. నేను పొద్దున్నే చూసి తృప్తిపడుతున్నది ఆ చారని. అసలు కూలెంట్ ఎప్పటినుంచో ఒక పైపు జాయింటు దగ్గర కారిపోతోంది. ఇంట్లో బకెట్ల మీద ఆ తెల్లచార రోజూ చూస్తూనే పెరిగాం కాబట్టి అది మాకు కంటికి ఆనదు. లెక్కల టీచర్ని, గీత చూసి కొలత అనుకున్నాను.

"నీళ్లయితే కదుల్తయ్యి, మచ్చ కదలదు. చూడ్డం ఒక్కటే చాలదు, ఊపి చూడాలి" అన్నారాయన. నీళ్లు అన్నందుకు మామూలుగా అయితే ఆయన్ని తప్పు పట్టేదాన్ని. ఆ రోజు వదిలేశాను.

ఇంజిన్ ఇంకా చల్లారలేదు. రోడ్డు పక్క తుమ్మచెట్టు నీడలో కూర్చున్నాం. ఏదో ఒకటి మాట్లాడాలని, పక్కన ఎవరున్నారని ముందు అదే ఎందుకు అడిగారు బాబాయి గారూ అన్నాను. ఆయన మిరప కళ్లం వైపు చూస్తూ చెప్పారు. కంపెనీ జీపు నడిపే రోజుల్లో, ఇలాగే కోతల కాలంలో, బండి వేడెక్కి ఒక చేను పక్కన ఆగిందట. దొరలు ఎదురుచూస్తున్నారని తొందర. కోతకి వచ్చిన కూలీల్లో ఒక పిల్ల బండి పొగ చూసి, తాగే నీళ్ల బిందె చంకన పెట్టుకుని పరిగెత్తుకొచ్చిందట. ఆయన తువ్వాలు వేసి మూత తిప్పారు. ఆ పిల్ల నీళ్లు పొయ్యడానికి వంగింది.

"నా చెయ్యి నేను కాల్చుకున్నా, అది నా ఖర్మ. సాయానికొచ్చిన పిల్ల మొహం కాల్చా. ఆ పిల్లే మీ పిన్ని."

ఆయన ఓదార్చమన్నట్టు చెప్పలేదు, ఓదార్చడానికి చోటు ఇవ్వలేదు. లేచి బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూసి, ఇప్పుడు నువ్వే తియ్యి అన్నారు. నా వల్ల కాదన్నాను. "భయపడి వదిలేస్తే రేపు మళ్లీ తొందరలోనే తీస్తావ్. నిదానంగా తియ్యడం చేతికి అలవాటు కావాలి." మూత ఎప్పుడో వదులైపోయే ఉంది, అయినా గుడ్డ వేసి, మొహం పక్కకి తిప్పి, పావు తిప్పి ఆగి, మళ్లీ తిప్పి తీశాను. ఆయన జాయింటు బిగించారు. కూలెంట్ పోసి, కారు ఊపి చూసుకుని, మోపెడ్ మీద నా వెనకే మెకానిక్ షెడ్డు దాకా వచ్చారు.

నలుగురూ పాసయ్యారు. సీసా పట్టుకుని వంగిన అమ్మాయి ఇప్పుడు ఒంగోలులో పాలిటెక్నిక్ చదువుతోంది. సెలవులకి వచ్చినప్పుడు నన్ను చూడ్డానికి వస్తుంది. ఆ పిల్ల ఏం మాట్లాడుతున్నా నేను ఆ నున్నటి చెంప వైపే చూస్తుంటాను. ఆ పూట ఏం తప్పిందో తనకి ఇప్పటికీ పూర్తిగా తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు.

నాలో మాత్రం ఒక అనుమానం ఉండిపోయింది. ఆయన పిన్ని గారిని చేసుకున్నది పాపం కడుక్కోవడానికేనా? నలభై ఏళ్ల పైచిలుకు కాపురం ఒక తప్పుకి కట్టిన జరిమానాయేనా? గోడ మీదుగా వాళ్లిద్దరూ కూరగాయల దగ్గర పోట్లాడుకోవడం వింటున్నప్పుడల్లా ఆ ప్రశ్న వచ్చేది. ఆయన్ని అడిగే ధైర్యం లేకపోయింది. ఇప్పుడు ఆయనే లేరు.

శనివారం భూస్థాపన అయింది. వచ్చినవాళ్లలో డ్రైవర్లే ఎక్కువ. సోమవారం బడి నుంచి వస్తూ పిన్ని గారి దగ్గరికి వెళ్లాను. చుట్టాలు ఎవరి ఊళ్లకి వాళ్లు వెళ్లిపోయారు. ముందుగదిలో చాప మీద ఒక్కరే కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నారు. తిన్నావా అని ఆవిడే నన్ను అడిగారు. నేను ఓదార్పు మాటలు నాలుగు కూడబలుక్కుని వెళ్లాను గానీ నోట్లోంచి వచ్చింది వేరే. తుమ్మచెట్టు కింద బాబాయి గారు నాకు చెప్పింది మొత్తం చెప్పేశాను. స్టవ్వు కాదని నాకు తెలుసన్నాను.

పిన్ని గారు చాటలోంచి తలెత్తలేదు. "జాలిపడి చేసుకున్నాడనేగా నీ అనుమానం?" అన్నారు.

అవునని ఒప్పుకున్నాను.

"జాలిపడేవాడు పళ్లిచ్చి పోతాడు టీచరమ్మా. మూడు నెల్లున్నా నేను మిషన్ ఆస్పత్రిలో. ప్రతి ఆదివారం వచ్చేవాడు. లోపలికొచ్చేవాడు కాదు, టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడేవాడు. మా అమ్మ నోటికొచ్చినట్టు తిట్టేది. అన్నీ పడి, పొద్దుగూకాక పొయ్యేవాడు. నాకా, మెడంతా మంట. ఆ గదికి ఉన్నదే ఒక్క గుమ్మం, గాలొస్తే అందులోంచే రావాలి. ఆ గుమ్మంలో ఈయన." ఆవిడ ఒక రాయి ఏరి పక్కన పెట్టారు. నవ్వుతున్నారని అప్పుడు గమనించాను. "ఆరో వారమో ఏడో వారమో ఇక విసుగొచ్చింది. ఏమయ్యా, నువ్వక్కడ నిలబడితే నాకు గాలి రావట్లా, వస్తే లోపలికి రా, లేకపోతే పో అన్నా. వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. పెళ్లి మాట కూడా నేనే ఎత్తా. అంతే. వచ్చి కూర్చున్నోడు మళ్లీ లేచి వెళ్లింది మొన్న శుక్రవారమే."

చాప మీద ఎదురుగా కూర్చుని నేను కూడా రాళ్లు ఏరాను. గుమ్మంలో ఎవరూ లేరు. గాలి బాగా వస్తోంది.